ఎనిమిది అంగుళాల బ్రేక్ షూలు

మా ఇంటి అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు దాన్ని దించి మూత తీస్తాను. తీయగానే పాత బ్రేక్ ఆయిల్ వాసన, తుప్పు వాసన, ఎండిపోయిన రబ్బరు వాసన కలిసి ఒక్కసారిగా మొహానికి తగులుతాయి. లోపల చక్రాల దగ్గర బ్రేకును తోసే రెండు వీల్ సిలిండర్లు, పెడల్ తొక్కితే వాటికి ఆయిల్‌ను పంపే మాస్టర్ సిలిండర్ ఒకటి, గుంటలు పడినది, కొన్ని రాగి వాషర్లు, ముక్కలుగా కోసిన ఒక బ్రేక్ గొట్టం, వాటన్నింటి అడుగున నూనె కాగితంలో చుట్టిన నాలుగు బ్రేక్ షూలు, అంటే డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని చక్రాన్ని ఆపే వంపు దిమ్మలు, ఉంటాయి. ఆ నాలుగు షూలు మా చేతికి వచ్చాక ఏ బండికీ ఎక్కలేదు.

నాన్నగారి కారు 1960లో తయారైన మోరిస్ మైనర్ 1000. ఆలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మైనర్ 1948లో తొలిసారి బయటికి వచ్చింది. 1956లో 948 సీసీ ఇంజన్ పెట్టి దానికి మైనర్ 1000 అని పేరు పెట్టారు. 1962లో ఇంజన్‌ను 1098 సీసీకి పెంచినప్పుడు ముందు చక్రాల బ్రేక్ డ్రమ్ములను, అంటే చక్రంతోపాటు తిరిగే గిన్నెల్లాంటి భాగాలను, కూడా ఏడు అంగుళాల నుంచి ఎనిమిది అంగుళాలకు పెంచారు గానీ, కారు పేరు మాత్రం మార్చలేదు. ఈ చివరి సంగతి నాకు సకాలంలో తెలిసి ఉంటే ఆ రేకు పెట్టె కొంత తేలికగా ఉండేది.

1986లో ఒక సాయంత్రం నాన్నగారు, నేను ఒక దిగుడు దారిలో వస్తున్నాం. కారు నెమ్మదించడం మొదలుపెట్టి, ఉన్నట్టుండి ఆ పని మానేసింది. నాన్నగారి కాలి కింద పెడల్ ఎవరో లోపలి నుంచి లాగుతున్నట్టు మెల్లగా నేలదాకా దిగిపోయింది. ఆయన కంగారు పడలేదు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్‌ను కొద్దికొద్దిగా లాగుతూ కారును పక్కకు తీసుకువెళ్లి ఆపారు. దిగి నాలుగు చక్రాల చుట్టూ తిరిగి, వంగి చూసి, "ఎక్కడా చుక్క కారలేదురా" అన్నారు. ఆయన గొంతులో భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా వినిపించింది. ఆ కారులో బ్రేక్ ఆయిల్ నడిచే దారి ఒక్కటే. ఎక్కడ తెగినా నాలుగు చక్రాలకూ ఒకేసారి బ్రేకులు పోతాయి. ముందుకు, వెనక్కు వేరువేరు దారులు ఉండాలన్న నిబంధన అమెరికాలో కొత్త కార్లకు 1968లో గానీ అమలులోకి రాలేదు. అలాంటి కారులో ఏమీ కారకుండానే బ్రేకు పోవడం మా ఇద్దరికీ అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పినవారు మా కారు బాగుచేసే మేస్త్రీ గారు. ఆయన పెడల్‌ను ఒక్కసారి గట్టిగా తొక్కారు, అది గట్టిగానే నిలిచింది. అదే పెడల్‌ను మెత్తగా అదిమి పట్టి ఉంచితే నెమ్మదిగా దిగిపోయింది. "బయటికి కారడం లేదు బాబూ, లోపలే కారుతోంది. మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్‌ను ఆపే రబ్బరు కప్పు అరిగింది, ఆయిల్ దాని పక్క నుంచే వెనక్కి జారిపోతోంది. ముందు సిలిండర్ దింపాలి, లోపల గోడ ఎలా ఉందో అప్పుడు తెలుస్తుంది" అన్నారు.

దింపాలి అని ఆయన తేలికగా అనేశారు. మైనర్‌లో మాస్టర్ సిలిండర్ ఇంజన్ గదిలో ఉండదు. డ్రైవరు కాళ్ల కింద, నేల రేకు అడుగున, ఛాసిస్ పట్టీలో దాగి ఉంటుంది. ఆయిల్ పోయాలన్నా తివాచీ ఎత్తి, నేలలో ఉన్న మూత తీసి పోయాలి. బూట్లకు అంటిన మట్టి, వానకు కారిన నీరు అన్నీ చేరేది అక్కడికే. దాన్ని పట్టి ఉంచే పొడవాటి బోల్టులను బయటికి లాగుదామంటే పక్కనే ముందు సస్పెన్షన్‌కు చెందిన టార్షన్ బార్, అంటే స్ప్రింగులా పనిచేసే పొడవాటి ఉక్కు కడ్డీ, అడ్డంగా ఉంటుంది. అంటే ఒక సిలిండర్ కోసం సస్పెన్షన్‌ను కూడా సడలించాలి. అంత చక్కని కారును గీసిన ఇసిగోనిస్ మహాశయుడు ఈ ఒక్క చోట మాత్రం కారు కింద పడుకోవలసిన మనిషిని బొత్తిగా మరిచిపోయారని నా అభిప్రాయం. రెండు రోజులు వీపు కింద గోనెపట్టా వేసుకుని పడుకున్నాక ఆ సిలిండర్ మా చేతికి వచ్చింది. మేస్త్రీ గారు దాని లోపలికి టార్చి వేసి, ఏమీ అనకుండా నా చేతికి ఇచ్చారు. లోపలి గోడ అడుగు భాగంలో మశూచి మచ్చల్లాంటి గుంటలు కనిపించాయి.

కొత్తది దొరుకుతుందేమోనని నాన్నగారు చాలామందికి ఉత్తరాలు రాశారు. దొరకదని తేలాక, పాత కార్లను విప్పి సామాను అమ్మే షెడ్లకు మా ప్రయాణాలు మొదలయ్యాయి.

అలాంటి షెడ్డుకు మొదటిసారి వెళ్లినప్పుడు నాకు కొంచెం బెదురు కలిగింది. చక్రాలు లేని కార్లు ఇటుకల మీద వరుసగా నిలబడి ఉన్నాయి. కొన్నింటికి తలుపులు లేవు, కొన్నింటిలో గడ్డి మొలిచింది. షెడ్డు లోపల ఒక మూల డ్రమ్ములు పళ్లేలలా ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి, మరో మూల షూలను బిగించే బ్యాక్ ప్లేట్లు గుట్టగా పడి ఉన్నాయి. ఏ భాగం ఏ కారుదో యజమాని చేత్తో తాకి చెప్పగలిగేవాడు. కానీ ఏ భాగం లోపల ఎలా ఉందో అతనికీ తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తీ లేదు. బయట దుమ్ము తుడిచి, నల్లరంగు ఒక పూత వేస్తే అతని దృష్టిలో సరుకు సిద్ధమైనట్టే. అందుకే మేస్త్రీ గారు నల్లరంగు వేసిన సిలిండర్‌ను ముట్టుకునేవారు కారు. దుమ్ము, జిడ్డు పట్టి అసహ్యంగా ఉన్నదాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది ఏమీ దాచిపెట్టడం లేదు" అనేవారు.

ఆయన సిలిండర్‌ను ఎంచుకునే తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ముందు వెనకవైపు దుమ్ము టోపీని లాగేసి, లోపల తడిగా ఉందా, పొడిగా ఉందా చూసేవారు. తర్వాత లోపలి పిస్టన్, స్ప్రింగు, కప్పులు బయటికి తీయనిస్తేనే బేరం అని యజమానికి చెప్పేవారు. పిస్టన్ కదలకుండా బిగుసుకుపోయి ఉంటే అక్కడితో ఆ మాట ముగిసేది. బయటికి వస్తే గుడ్డతో తుడిచి, చిటికెన వేలు లోపలికి పెట్టి గోరును గోడ మీద మెల్లగా నడిపేవారు. గోరు ఎక్కడా తట్టుకోకపోతే అది మరక. తట్టుకుంటే గుంట. మరక అయితే గోడను నునుపు చేసే హోనింగ్ రాళ్లతో నాలుగు తిప్పులు తిప్పితే పోతుంది. గుంటను కూడా తిప్పి తిప్పి పోగొట్టాలనుకుంటే సిలిండర్ వెడల్పు పెరిగి కప్పు వదులవుతుంది. అప్పుడు మిగిలే దారి ఒక్కటే, లోపల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం కూర్చి మళ్లీ అసలు కొలతకు తెప్పించడం. గుంటలు ఎప్పుడూ అడుగువైపునే ఎందుకు ఉంటాయని నేను అడిగాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుందనీ, కారు నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ తేమ అడుగున చేరి ఇనుమును తింటుందనీ ఆయన చెప్పారు. నడిచి నడిచి అరిగిన కారు కన్నా, నీడన నిలిపి ముద్దు చేసిన కారు సిలిండరే ఎక్కువ పాడై ఉంటుందన్న సంగతి ఆ రోజు నాకు వింతగా తోచింది.

వేలు పెట్టి చూశాక ఇంకో రెండు పరీక్షలు ఉండేవి. ఆయిల్ తొట్టి అడుగున రెండు రంధ్రాలుంటాయి. వాటిలో ఒకటి సూది మొన అంత సన్నంగా ఉంటుంది. పెడల్ వదిలాక ఎక్కువైన ఆయిల్ వెనక్కి చేరవలసింది ఆ రంధ్రంలోంచే. అది పూడుకుపోతే బ్రేకులు పట్టినవి పట్టినట్టే ఉండి, చక్రాలు కాలిపోతాయి. మేస్త్రీ గారు సన్నని తీగ ఒకటి ఎప్పుడూ చొక్కా జేబులో ఉంచుకునేవారు. ఇక వీల్ సిలిండర్ అయితే, ఆయిల్‌లో చేరిన గాలిని బయటికి వదిలే నిపుల్ తిరుగుతుందో లేదో చూడకుండా డబ్బు తీసేవారు కారు. అది తుప్పుతో బిగుసుకుని సగానికి విరిగితే, మంచి సిలిండర్ కూడా పాత ఇనుముతో సమానమే.

మూడు మాస్టర్ సిలిండర్లు చూసి, మూడోది తీసుకున్నాం. దాని పక్కన పోతపోసిన అక్షరాల్లో లాక్‌హీడ్ అని ఉంది. విమానాల కంపెనీ పేరు మా కారు బ్రేకు మీద ఎందుకుందని నేను చాలాకాలం ఆశ్చర్యపోయాను. ఆ విమానాల వ్యాపారం మొదలుపెట్టిన లాఘీడ్ సోదరులలో ఒకరైన మాల్కమ్‌ ఆయిల్ ఒత్తిడితో పనిచేసే బ్రేకుకు 1917లో పేటెంటు పొందారనీ, 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారులో ఆ బ్రేకులు నాలుగు చక్రాలకూ వచ్చాయనీ, ఇంటిపేరును పలికే తీరుకు తగ్గట్టే అక్షరాలు కూడా మార్చుకున్నారనీ తర్వాత ఎన్నో ఏళ్లకు చదివి తెలుసుకున్నాను.

షెడ్డు యజమాని ఆ సిలిండర్‌తోపాటు దానిలోంచి తీసిన రబ్బరు కప్పులను కూడా పొట్లం కట్టి ఇవ్వబోయాడు. చూడటానికి అవి బాగానే ఉన్నాయి. మేస్త్రీ గారు ఆ పొట్లం అందుకుని, అతని ఎదుటే కత్తితో రెండుగా కోసేశారు. "ఇనుము పాతది కొనొచ్చు. రబ్బరు పాతది ఇంటికి కూడా తీసుకుపోకూడదు. ఇంట్లో ఉంటే ఏదో ఒక రోజు అవసరం వచ్చి పెట్టేస్తాం" అన్నారు నాతో. రబ్బరు కిట్ కొత్తది సంపాదించడం అంత కష్టం కాలేదు, ఎందుకంటే కప్పులు కారు పేరును బట్టి కాక కొలతను బట్టి దొరుకుతాయి.

ఆ కొత్త కప్పులను మొదట పాడుచేసింది నేనే. బిగించే ముందు శుభ్రంగా ఉండాలన్న అత్యుత్సాహంతో, ఎవరికీ చెప్పకుండా వాటిని పెట్రోలులో కడిగి, పొడిబారకూడదని ఇంజన్ ఆయిల్ కొంచెం రాసి, రాత్రి ఒక గిన్నెలో ఉంచాను. తెల్లవారేసరికి అవి నానిన గింజల్లా ఉబ్బి ఉన్నాయి. పెట్రోలూ ఇంజన్ ఆయిలూ బ్రేకు రబ్బరుకు విషంలాంటివనీ, కడిగితే బ్రేక్ ఆయిల్‌తోగానీ స్పిరిట్‌తోగానీ కడగాలనీ, బిగించేటప్పుడు రాసేది కూడా బ్రేక్ ఆయిలే కావాలనీ అప్పుడు తెలిసింది. మేస్త్రీ గారు కోప్పడలేదు. ఉబ్బిన కప్పును సిలిండర్ మూతి దగ్గర పెట్టి, అది లోపలికి పోకపోవడం చూపించి, "నయం బాబూ, బిగించాక ఉబ్బి ఉంటే?" అని మాత్రం అన్నారు. ఇంకో కిట్ కోసం పది రోజులు ఆగవలసి వచ్చింది.

ఆ పది రోజుల్లోనే బ్రేక్ షూల సంగతి కూడా జరిగింది. సిలిండర్ వచ్చేలోగా అరిగిన ముందు షూలను నేను ఒక్కడినే వెళ్లి తెస్తానన్నాను. ముందు చేసిన తప్పును సరిదిద్దుకోవాలన్న పట్టుదల ఉండేది. షెడ్డులో "ఏ మోడల్?" అని అడిగితే "మైనర్ 1000" అని ధీమాగా చెప్పాను. అతను నూనె కాగితంలో చుట్టిన నాలుగు షూలు తీసి ముందు పెట్టాడు. షూల మీద రివెట్లతో బిగించే ఒరుపు పట్టీ, అంటే లైనింగ్, దాదాపు కొత్తదిలా దళసరిగా ఉంది, రివెట్ల తలలు లోతుగా ఉన్నాయి, ఎక్కడా ఆయిల్ మరక లేదు. అంత మంచి సరుకు నా చేతికే దొరకడం నా తెలివి వల్లేనని అనుకుంటూ ఇంటికి వచ్చాను.

షూలు బ్యాక్ ప్లేటు మీద సరిగ్గా కూర్చోలేదు. డ్రమ్ము వాటి మీదికి ఎక్కనే లేదు. షూలను డ్రమ్ముకు దగ్గరగా, దూరంగా జరిపే అడ్జస్టర్ పూర్తిగా వెనక్కి తిప్పలేదేమోనని అది తిప్పాను. లైనింగ్ కొత్తది కదా, కొంచెం అరగాలేమో అన్నాను. నాన్నగారు కుర్చీలోంచి లేచి, లోపలికి వెళ్లి, నా చిన్నప్పటి చెక్క స్కేలు తెచ్చి డ్రమ్ము మూతి మీద అడ్డంగా పెట్టారు. ఏడు అంగుళాలు. తర్వాత ఆ స్కేలును నా చేతిలో పెట్టి మళ్లీ వెళ్లి కూర్చున్నారు. షూలను ఎదురెదురుగా పెట్టి నేను కొలిచాను. నా లెక్క ఎలా తిప్పినా ఎనిమిదే వచ్చింది. 1962 తర్వాతి మైనర్ 1000 ముందు బ్రేకుల షూలు అవి. వెనక్కి ఇద్దామంటే, అమ్మినవి తీసుకోమని షెడ్డు గోడ మీద రాసి ఉంది.

చివరికి పాత షూలకే కొత్త లైనింగ్ కొట్టించాం. పాత లైనింగ్ ఊడదీసినప్పుడు రేగిన దుమ్మును, డ్రమ్ములో పేరుకున్న నల్లని పొడిని మేమంతా నోటితో ఊదేవాళ్లం. ఆ కాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. ఆ కారు పుట్టిన బ్రిటన్‌లో దాన్ని 1999లో నిషేధించారు. పాత షూలు, డ్రమ్ములు ఎవరు కొన్నా తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలని ఇప్పుడు నేను పట్టుబట్టి చెబుతాను. నేను ఊదిన ఊదులు గుర్తుకు వచ్చినప్పుడల్లా ఛాతీ మీద చెయ్యి వేసుకుంటాను.

డ్రమ్ముల విషయంలో మాత్రం పాతవే మాకు కలిసివచ్చాయి. మేస్త్రీ గారు డ్రమ్మును ఒక తీగకు వేలాడదీసి చిన్న సుత్తితో తట్టేవారు. బాగున్న డ్రమ్ము గుడిగంటలా చాలాసేపు మోగుతుంది. పగులు ఉన్నది మూగగా ఠక్కుమని ఆగిపోతుంది. మోగినదాని అంచున వేలు పెట్టి, లైనింగ్ తాకని చోట మిగిలిన గట్టు ఎంత ఎత్తు ఉందో చూసేవారు. గట్టు ఎత్తును బట్టి డ్రమ్ము ఎంత అరిగిందో తెలుస్తుంది. 177.8 మిల్లీమీటర్లు ఉండవలసిన డ్రమ్మును లేత్ మీద ఒకటిన్నర మిల్లీమీటరు వరకు పెంచవచ్చుననీ, అంతకు మించితే వేడికి నిలవదనీ ఆయన లెక్క. ఒకే ఇరుసుకు ఉన్న రెండు డ్రమ్ములనూ ఒకే కొలతకు కోయించాలని కూడా చెప్పేవారు, లేకపోతే కారు ఒక పక్కకు లాగుతుంది.

అంతా బిగించాక గాలి తీసే పని మిగిలింది. నాన్నగారు డ్రైవరు సీట్లో, నేను వెనక చక్రం దగ్గర, నిపుల్‌కు తగిలించిన సన్నని గొట్టం కొస గాజు సీసాలోని ఆయిల్‌లో. "తొక్కండి నాన్నగారూ... పట్టుకోండి... ఇప్పుడు వదలండి" అని నేను అరవడం, "పట్టుకున్నాను, ఎంతసేపురా" అని ఆయన అనడం. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి, దగ్గరి చక్రంతో ముగించాం. సీసాలో బుడగలు రావడం ఆగాక నాన్నగారు పెడల్ మీద కాలు పెట్టి, కొంతసేపు అలాగే ఉంచి, "నిలిచిందిరా" అన్నారు. మా ఇద్దరి మధ్య అంత పొడవైన సంభాషణ అంతకుముందు జరిగినట్టు నాకు గుర్తు లేదు.

అయితే అక్కడితో అయిపోలేదు. ముందు చక్రాల గొట్టాలు చీలికలు తేలాయని వాటిని కూడా మార్చాం. వాటి కోసం షెడ్డు యజమాని సీలు తీయని పెట్టె ఒకటి ఇచ్చాడు. ఎన్నడూ వాడని, అసలు కంపెనీ ముద్ర ఉన్న గొట్టాలు. మేస్త్రీ గారు ఆ రోజు ఊళ్లో లేరు. నాలుగో రోజు కారు ఎడమవైపుకు లాగడం, ఆ చక్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కడం మొదలైంది. ఆయన వచ్చి జాకీ ఎత్తి తిప్పితే చక్రం కదలలేదు. గొట్టానికి ముందున్న ఇనుప పైపు జాయింటు సడలించారు, మార్పు లేదు. చక్రం దగ్గరి నిపుల్ సడలించగానే ఆయిల్ చివ్వున చిమ్మి చక్రం వదులైంది. గొట్టం లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసేసిందని ఆయన తేల్చారు. కాలి బలం ఆయిల్‌ను లోపలికి తోయగలిగింది, వెనక్కి లాగవలసిన స్ప్రింగుకు మాత్రం అంత బలం లేదు. గొట్టాన్ని ముక్కలుగా కోసి చూపించారు. ఖాళీ పెట్టెను అటూ ఇటూ తిప్పి, "పెట్టె కొత్తదే. లోపల రబ్బరు నీ వయసుది" అన్నారు. వాడనిది వేరు, కొత్తది వేరు అన్న తేడా నాకు ఆ ముక్కల వల్లే తెలిసింది. అందుకే వాటిని పారేయలేదు.

ఆ తర్వాత కారు నా చేతికి వచ్చింది. షెడ్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఇప్పుడు భాగాలు ఎక్కడెక్కడి నుంచో పార్సిల్లో వస్తాయి, చిటికెన వేలు పెట్టి చూసే వీలు లేదు. అమ్మేవారిని సిలిండర్ లోపలి గోడకు వెలుగు వేసి ఫోటో పంపమని అడుగుతాను. పంపని వారి దగ్గర కొనను. పైపు మరలను కూడా కొలిచి చెప్పమంటాను. పాత బ్రిటిష్ పైపు మర వెడల్పు అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు, అంటే 9.525 మిల్లీమీటర్లు. కొత్త మెట్రిక్ మర 10 మిల్లీమీటర్లు. చిన్నది పెద్దదానిలో చక్కగా తిరిగి బిగిసినట్టే ఉంటుంది, గట్టిగా బ్రేకు వేసిన నాడు ఊడి వస్తుంది. ఇన్ని అడిగితే కొందరు విసుక్కుంటారు. ఒకాయన మాత్రం గుంటలున్న సిలిండర్ ఫోటోను తనే పంపి, ఇది మీకు పనికిరాదని రాశారు. ఆయన దగ్గరే తర్వాత రెండు డ్రమ్ములు కొన్నాను. వచ్చిన రోజు వాటిని తీగకు వేలాడదీసి తట్టాను. రెండూ మోగాయి.

ఎనిమిది అంగుళాల షూలు మాత్రం అలాగే ఉన్నాయి. 1962 తర్వాతి మైనర్ ఉన్నవారు ఎవరైనా అడిగితే ఊరికే ఇచ్చేద్దామని నూనె కాగితం మార్చి మార్చి చుడుతున్నాను. ఒకసారి ఒకరు అడిగారు కూడా. పాత లైనింగ్ తీసేసి కొత్తది కొట్టించుకోవాలని చెప్పి, పార్సిల్ కడదామని పెట్టె దించాను. కట్టే ముందు, ఎందుకైనా మంచిదని, మీ డ్రమ్ము మూతి ఒకసారి కొలవండి అని ఆయనకు రాశాను. ఏడు అంగుళాలని జవాబు వచ్చింది.